పెరటిలో తుంగ



పెరడు గల ఇంటివారికి తుంగను పరిచయం చేయవలసిన పని లేదు. పిలువకుండ వస్తుంది, పొమ్మంటే పోదు. నేను వ్యవసాయ శాస్త్రజ్ఞుణ్ణి కాను. ఈ తుంగ చేతిలో ఒకసారి ఓడిపోయి, తరువాత దాని మర్మం తెలిసికొన్న గృహస్థుణ్ణి మాత్రమే. ఆ అనుభవమే మీకు మనవి చేస్తాను.

మా ఇల్లు కృష్ణా డెల్టాలో ఒక పల్లెలో ఉన్నది. పెరటిలో బావి, బావి పక్కన మల్లెపొద, కరివేప చెట్టు, వాటి నడుమ మా అమ్మగారు వంగ, బెండ, గోంగూర వేసుకొనే నాలుగు మళ్ళు. నాలుగేళ్ళ క్రితం మోకాళ్ళ నొప్పి వల్ల ఆమె పెరటి పని మానుకొన్నారు. ఒక్క వర్షాకాలం గడిచేసరికి మళ్ళ స్థానంలో తుంగ నిలిచినది. "పురుగూ పుట్రా చేరుతుంది. అంతా గచ్చు చేయించి పారవేద్దాం" అన్నాడు అక్కడనే ఉండే మా తమ్ముడు. మేస్త్రీని కూడ పిలిపించినాడు. అమ్మగారు ఏమీ అనలేదు. మల్లెపొద వంక ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయినారు. ఒక్క ఏడాది గడువిమ్మని తమ్ముణ్ణి అడిగినాను.

అది శ్రావణమాసం. నేల మెత్తగా ఉన్నది గదా అని కూలిమనిషిని పెట్టి పారతో పెరడంతా తిరగవేయించినాను. చూడడానికి ఎంతో శుభ్రంగా ఉన్నది. పది రోజులు తిరిగేసరికి తుంగ మునుపటికంటె ఒత్తుగా లేచినది!

కారణం భూమిలో ఉన్నది. తుంగ కాడను వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. మూడు పలకలు తగులుతాయి. గరిక వలె ఇది నిజమైన గడ్డి కాదు, వేరే కుటుంబానికి చెందిన మొక్క. గరిక నేలమీద పాకుతూ కణుపు కణుపునా వేళ్ళు దించుతుంది. తుంగ బలమంతా గడ్డలలో ఉన్నది. సన్నని కాడలతో ఒక గడ్డకు మరొక గడ్డ గొలుసువలె అల్లుకొని ఉంటాయి. గొలుసు తెగనంతవరకు పై గడ్డ మొలకెత్తుతూ, క్రింది వాటిని చాలవరకు నిద్రలో ఉంచుతుంది. పార వేటుతో గొలుసు తెగినదా, నిద్రపోతున్న ప్రతి గడ్డా మేలుకొంటుంది. తడినేలలో తిరగవేయించి నేను చేసినది కలుపుతీత కాదు, తుంగసేద్యం! ప్రపంచంలోని అతి చెడ్డ కలుపుమొక్కలపై 1977లో వెలువడిన గ్రంథంలో లీరాయ్ హోమ్, ఆయన సహచరులు ప్రథమస్థానం దీనికే ఇచ్చినారు. మనం సున్నిపిండిలో కలుపుకొనే సువాసనగల తుంగముస్తలు ఈ గడ్డలే.

మరి ఉపాయమేమి? తుంగగడ్డకు శత్రువు ఎండ. రోహిణికార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని పెద్దల సామెత. ఆ మరు వేసవిలో మళ్ళకు నీరు పూర్తిగా మాన్పించి, గునపంతో జానెడు లోతున పెళ్ళలు పెళ్ళలుగా లేపించినాము. గడ్డలలో అధికభాగం ఆ లోతులోపుననే ఉంటాయి. పెళ్ళలను చిదుగగొట్టి, దొరికిన గడ్డలను ఏరి, మిగిలిన మట్టిని నాలుగైదు రోజులకొకసారి తిరగవేసి ఎండనిచ్చినాము. బాగుగా ఎండి వడలిన గడ్డ మరల మొలవదు. ఏరిన గడ్డలను మాత్రం పెంటకుప్పలో వేయకండి. ఎరువుతోపాటు తిరిగి పెరటికే వస్తాయి.

తొలకరికి మిగిలిన గడ్డలు మొలకెత్తినవి. ఇక్కడ ఓర్పు కావలెను. మొలక పైకి వచ్చిన మూడు నాలుగు వారాలకు క్రొత్త గడ్డలు కట్టడం ఆరంభిస్తుంది. అంతకు ముందే తీసివేస్తే, పాత గడ్డ తన నిలువ ఆహారం ఖర్చుచేసి మరల మొలవవలెను. ఇట్లు పలుమార్లు జరిగితే అది క్షీణించిపోతుంది. రెండు వారాల లెక్క ఎవరు గుర్తుంచుకొంటారు అని నేనంటే, అమ్మగారు, "ఏకాదశి ఏకాదశికీ తీయండి, నేను జ్ఞాపకం చేస్తాను" అన్నారు. ఆనాటి నుండి ఏకాదశినాడు ఆమె అరుగు మీద కూర్చుండి చూపించడం, మా తమ్ముని పిల్లలు చిన్న గునపం మొక్క క్రిందికి దించి గడ్డతో సహా లేపడం ఆచారమైనది.

తుంగ నీడను ఓర్వలేదు. అందుచేత ఖాళీ మళ్ళలో బొబ్బర, చిలగడదుంప తీగ ఒత్తుగా అల్లించినాము. గడ్డి పరచినంత మాత్రాన లాభం లేదు. సూదివంటి మొలక దానిని చీల్చుకొని వస్తుంది. ప్లాస్టిక్ పట్టానైనా పొడుచుకొని రాగలదు.

ఉప్పు చల్లమని చెప్పినవారున్నారు. ఉప్పుకు తుంగ అనీ మల్లె అనీ భేదం లేదు. నేలా చెడుతుంది, బావినీరూ చెడుతుంది. కలుపుమందుల మాట కూడ వచ్చినది. గ్లైఫోసేట్ వాడకాన్ని తెగుళ్ళ నివారణ వృత్తిలోని వారికే పరిమితం చేస్తూ కేంద్రప్రభుత్వం 2022లో ఉత్తర్వు వెలువరించినది. పిల్లలు తిరిగే చోట, త్రాగే బావి పక్కన, అటువంటి మందు నాకు మనస్కరించలేదు.

గడువు ముగిసిన శ్రావణానికి తుంగ సగానికి తగ్గినది. బెండ కాపుకు వచ్చినది. తమ్ముడు మేస్త్రీ మాట ఎత్తలేదు. గచ్చు చేయించి ఉంటే పెరటిలో పడిన వాన వీధికాలువ పాలయ్యేది. ఇప్పుడది భూమిలోకి ఇంకుతున్నది.

తుంగ పూర్తిగా పోయినదని చెప్పలేను. మొన్న ఏకాదశికి పిల్లలు పావుగంటలో పిడికెడు మొక్కలు తీసినారట. "ఇంకా వస్తూనే ఉన్నదా అమ్మా?" అని ఫోనులో అడిగినాను. "వస్తే రానీ నాయనా, దానితోపాటు పిల్లలు కూడ పెరట్లోకి వస్తున్నారు" అన్నారు అమ్మగారు.

మీ పెరటిలో తుంగ ఉంటే వానలో పార పట్టకండి. రోహిణికార్తె వరకు ఆగి గునపం తీయండి. సెలవు.