బంతి ఎవరికి అందింది?

(యాంగోన్ తెలుగువారి సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలు, నాటకాలు జరిగే ఈ సభలో ఈ పెద్దమనిషి ఫుట్‌బాల్ గూర్చి మాట్లాడతాడేమిటని మీరనుకోవచ్చు. రేపు ఉదయం మన కుర్రవాళ్ళ జట్టును ఎంపిక చేయబోతున్నాం. ఆ పని నాకు మళ్ళీ అప్పగించారు. అందుచేత వెనుక ఒకసారి ఎంపికలో నేను చేసిన పొరపాటును మీ ముందు ఒప్పుకోవడం ధర్మమని తోచింది.

అది గుర్తుచేసినవాడు అమెరికాలో చదువుకుంటున్న మా మేనల్లుడు. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి ఆడతారు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలైనా ముందుకు పోవాలి. బంతి ఎవరికి విసరాలో రెండు మూడు క్షణాలలో తేల్చుకునే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. మొన్న వాడు ఫోనులో, "మామయ్యా, మా కాలేజీ క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతుల్లో నూటికి అరవై ఐదు అందుతున్నాయి. అయినా సగం మంది వాడు పనికిరాడంటున్నారు. మీరేమంటారు?" అని అడిగాడు.

నేను ఎదురు మూడు ప్రశ్నలు వేశాను. అందిన బంతులు ఎంత దూరం పోయినవి? అందుకున్నవాడు పరుగు ఆపకుండా అందుకున్నాడా, ఆగి వెనుదిరిగి అందుకున్నాడా? అందనివి విసిరినవాడి తప్పువల్ల పోయాయా, అందుకునేవాడి చేతిలోంచి జారిపోయాయా? పక్కనున్నవాడికి రెండు గజాలు విసిరినా, నలుగురి మధ్య నుంచి ఇరవై గజాలు విసిరినా లెక్కలో ఒకటే. లెక్క అబద్ధం చెప్పదు గాని, అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది.

వాడు నవ్వి, "ఇంత ఎలా తెలుసు మామయ్యా?" అన్నాడు. తెలియక చేసిన తప్పే నేర్పిందిరా అన్నాను.

చాలా ఏళ్ళ క్రిందటి మాట. వానాకాలం. మైదానం సగం చెరువు. ఎంపిక ఆటలో నేను నోటుపుస్తకం పట్టుకుని గీతలు గీస్తూ కూర్చున్నాను. ఒక కుర్రవాడు ఇరవైసార్లు బంతి అందిస్తే పదహారు చేరాయి. ఇంకొకడు ఇరవై అందిస్తే తొమ్మిదే చేరాయి. మొదటివాణ్ణి తీసుకున్నాను. రెండవవాడికి వచ్చే ఏడు చూద్దామని చెప్పాను. వాడేమీ అనలేదు. తల వంచుకుని, బురద కాళ్ళతోనే ఇంటికి వెళ్ళిపోయాడు.

మైదానం పక్క టీ దుకాణంలో ఒక బర్మా పెద్దాయన ఉండేవాడు. వయసులో చిన్‌లోన్ బాగా ఆడినవాడు. చిన్‌లోన్ మీకందరికీ తెలిసినదే. ఆరుగురు వలయంగా తిరుగుతూ, పేముతో అల్లిన బంతిని నేల తాకనీయకుండా కాలితో ఆడతారు. అవతలి జట్టు ఉండదు. నా బంతి నీకు కుదురుగా రావాలి, నీ బంతి ఇంకొకడికి కుదురుగా పోవాలి. ఆయన నా పుస్తకం చూసి, "తన్నినవాడి కాలే చూశావు. అందుకోవలసినవాడు ఎక్కడున్నాడో చూశావా?" అన్నాడు.

చూడలేదు. ఆ పదహారూ పక్కకో వెనక్కో ఇచ్చినవి. రెండవవాడు ప్రతిసారీ గోలు వైపు ఖాళీ స్థలంలోకి పంపాడు. అక్కడికి పరుగెత్తవలసినవాళ్ళు నిలబడి చూశారు. కొన్ని బంతులు నీటిలో ఆగిపోయాయి. ఆ పోటీలో మేము ఒక్క గోలు కూడా చేయలేదు. మరుసటి ఏడు ఆ కుర్రవాణ్ణి పిలిపిస్తే, ఆట మానేశానని కబురు పంపాడు. ఆ కబురు నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇక రెండవ మాట. కుర్రవాడు మన ఆటకు సరిపోతాడా అని అడుగుతాం గాని, మన ఆట కుర్రవాడికి సరిపోతుందా అని అడగం. అమెరికాలో సిన్సినాటి జట్టుకు 1969లో దూరం విసిరే బలమైన చేయిగల గ్రెగ్ కుక్ ఉండేవాడు. అతని భుజం దెబ్బతిన్నది. 1970లో వర్జిల్ కార్టర్ వచ్చాడు. చేతిలో అంత బలం లేదు గాని గురి ఉన్నది. అక్కడ శిక్షకుడుగా ఉన్న బిల్ వాల్ష్ అతణ్ణి తప్పుపట్టక ఆటనే మార్చాడు. పొట్టి దూరపు, తొందర బంతులతో కొత్త పద్ధతి కట్టాడు. 1971లో కార్టర్ విసిరినవి నూటికి 62 పైగా అందాయి. వారి పెద్ద లీగులో ఆ ఏడు అదే ప్రథమస్థానం.

అంత దూరం పోనక్కరలేదు. మన హైదరాబాదు రహీం సాహెబు ఉన్నారు. వృత్తికి ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు, బంతిని వెంట తీసుకుపోకుండా వెంటనే అందించవలసిన పోటీలు పెట్టేవారట. 1962 జకార్తా ఆసియా క్రీడలలో రక్షణలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. జర్నైల్ సెమీఫైనల్‌లోనూ, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్‌లోనూ గోలు చేశాడు. మరుసటి ఏడే రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మనం ఉన్న ఈ దేశం కూడా తక్కువది కాదు. 1966లో బ్యాంకాక్‌లో ఇరాన్‌ను ఓడించి, 1970లో దక్షిణ కొరియాతో పంచుకుని, రెండుసార్లు ఆసియా స్వర్ణం తెచ్చింది. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఆడింది. ఆ దేశపు గడ్డమీద ఆడే పిల్లలు మన పిల్లలు.

కాబట్టి నాతో ఎంపికకు కూర్చునే పెద్దలకు నా మనవి ఒకటే. గీతలు గీయండి, వద్దనను. కాని ప్రతి గీత పక్కన బంతి ఎటు పోయింది, ఎవరి కోసం పోయింది అని ఒక ముక్క రాయండి. అందుకునేవాళ్ళను మార్చి ఇంకొకసారి ఆడించండి. అప్పటికీ కాదనవలసి వస్తే, ఎందుకు కాదన్నామో ఆ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. వచ్చే ఏడు చూద్దామని మాత్రం పంపేయకండి. వచ్చే ఏటికి వాడు ఉండకపోవచ్చు.

పిల్లలారా, మీకూ ఒక మాట. రేపు మీ స్నేహితుడు ఖాళీలోకి బంతి పంపితే నిలబడి చూడకండి. పరుగెత్తండి. వాడి గురి సగం మీ కాళ్ళలో ఉన్నది.