‘పాస్’ అన్న డిస్కు

ఘాజియాబాద్‌లో మే, జూన్ ఎండలు ముదిరాక సర్వర్ గదిలో ఏసీ ఆగితే చాలు, అందరి బెంగా హార్డ్ డిస్కుల మీదే. గూగుల్ ఇంజినీర్లు పినేరో, వెబర్, బరోసో లక్షకు పైగా డిస్కుల లెక్కలు తీసి 2007లో ప్రచురించినప్పుడు ఈ బెంగకు అంత ఆధారం దొరకలేదు. వేడి మరీ ఎక్కువై, డిస్కూ పాతబడితే తప్ప ఉష్ణోగ్రతకూ డిస్కు పోవడానికీ గట్టి సంబంధం కనిపించలేదు.

గట్టి సంబంధం వేరే చోట ఉంది. డిస్కు తన పళ్లేలను తానే తనిఖీ చేసుకుంటూ మొదటి స్కాన్ ఎర్రర్ నమోదు చేసిందా, తర్వాతి 60 రోజుల్లో అది పోయే అవకాశం మిగతావాటికన్నా 39 రెట్లు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే పత్రం ఇంకో మాటా చెప్పింది: పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, స్కాన్ ఎర్రర్ల లాంటి నాలుగు బలమైన సూచికల్లో ఒక్కదానిలోనూ ఏమీ చూపకుండానే పోయాయి.

ఎర్రర్లుంటే అనుమానించవచ్చు, లేకపోతే నమ్మడానికి లేదు. డిస్కు తన గురించి తానే ఇచ్చుకునే స్మార్ట్ రిపోర్టు పైన కనిపించే ‘పాస్డ్’కు అర్థం, తయారీదారు గీసిన గీత ఇంకా దాటలేదని మాత్రమే. పాసవడానికీ బాగుండడానికీ ఉన్న తేడా ఈ హాల్లోని పట్టభద్రులెవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక ఆ రిపోర్టును చూపించే స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాం ఇచ్చే పట్టిక. సీగేట్ డిస్కయితే ‘రా రీడ్ ఎర్రర్ రేట్’ వరుసలో కోట్లలో అంకె కనిపించి గుండె గుభేలుమంటుంది. అందులో ఎక్కువ భాగం చదివిన సెక్టార్ల లెక్కే. తప్పుల లెక్క ఆ అంకె పైబిట్లలో దాగి ఉంటుంది. 199వ వరుసలో సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతుంటే చాలాసార్లు మార్చాల్సింది డిస్కును కాదు, సాటా కేబుల్‌ని.

నోరు మెదపకుండా ముంచేవి వేరు. 5వ వరుస, చెడిపోయి వేరేచోటికి మార్చిన సెక్టార్లు. 197వది, సరిగా చదవలేక ఇంకా తేల్చని సెక్టార్లు. వేల డిస్కులు నడిపే డేటా నిల్వ సంస్థ బ్యాక్‌బ్లేజ్ ఈ రెంటికీ 187, 188, 198 వరుసలు కలిపి చూస్తుంది. 2016లో ఆ సంస్థ లెక్క ప్రకారం, పోయిన డిస్కుల్లో 76.7 శాతంలో ఈ ఐదింట్లో ఏదో ఒకటి సున్నా దాటింది, పనిచేస్తున్నవాటిలో 4.2 శాతంలోనే. మిగిలిన పాతిక శాతం దాకా ఇక్కడా చెప్పాపెట్టకుండానే పోయాయి.

కాబట్టి అంకెకన్నా దాని నడకను చూడాలి. 5వ వరుసలో 12 ఏడాదిగా కదలకుండా ఉంటే ఓ కన్నేసి ఉంచితే చాలు. వారం వారం 2, 9, 40 అవుతుంటే లాంగ్ టెస్ట్ కూడా తర్వాతి మాటే. ఆ పరీక్ష డిస్కు మొత్తాన్నీ గంటల తరబడి చదివిస్తుంది. కొనఊపిరితో ఉన్న డిస్కు అందులోనే పోవచ్చు. ముందు డేటా కాపీ చేసుకోవాలి.