కొత్త కొలిమికి ప్రజల సొమ్ము: షరతులు ఎవరి కోసం?



ఉక్కు గురించి స్త్రీల సభలో మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఉక్కు తయారీ ఇప్పుడు ప్రజల సొమ్ముతో మారుతోంది. ఆ సొమ్ములో మనదీ ఉంది కనుక, అది ఎవరికి పోతోందని అడిగే హక్కు మనకుంది.

బ్లాస్ట్ ఫర్నేసులో ఖనిజం నుంచి ఇనుము తీయటానికి బొగ్గుతో చేసిన కోకు వాడతారు. ఈ పద్ధతిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పాత ఇనుమును విద్యుత్తుతో కరిగించే ఆర్క్ ఫర్నేసులో ఇది చాలా తక్కువ. కర్మాగారం పొగ ముందుగా పీల్చేది పక్కనున్న బస్తీలే కాబట్టి మార్పు రావలసిందే. దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారన్నదే మన ప్రశ్న.

బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్‌నే చూడండి. అక్కడ టాటా స్టీల్ 125 కోట్ల పౌండ్లతో ఆర్క్ ఫర్నేసు కట్టేందుకు ప్రభుత్వం 50 కోట్లు ఇస్తానని 2023లో ఒప్పుకుంది. 2,800 వరకు ఉద్యోగాలు పోతాయని 2024 జనవరిలో కంపెనీయే ప్రకటించింది. కొత్త ఫర్నేసు సిద్ధం కాకముందే, అదే ఏడాది సెప్టెంబరు 30న, చివరి బ్లాస్ట్ ఫర్నేసును ఆపేశారు. నష్టపోయే కార్మికులనూ ఊరినీ ఆదుకోవటానికి పెట్టిన నిధిలో ప్రభుత్వ వాటా 8 కోట్ల పౌండ్లు. కొలిమికి 50, మనుషులకు 8! జీతం ఆగిన ఇంట్లో ఖర్చులు కుదించి, అప్పుకు తిరిగి, పిల్లలనూ ముసలివాళ్ళనూ చూసుకునే శ్రమ ఎవరిదో మనకు తెలుసు. అది ఏ పద్దులోనూ ఎక్కదు.

మన దేశంలో 2023 జనవరిలో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కింద ఉక్కు రంగ ప్రయోగాలకు 455 కోట్ల రూపాయలు కేటాయించారు. టన్నుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలుంటే దాన్ని హరిత ఉక్కు అనాలని, మూడు నుంచి అయిదు నక్షత్రాలివ్వాలని 2024 డిసెంబరులో ఉక్కు మంత్రిత్వ శాఖ నిర్ణయించింది. ఆ నక్షత్రాలు పొగను కొలుస్తాయి. క్యాంటీన్లో, ఊడ్చే పనిలో ఉన్న కాంట్రాక్టు కార్మికురాలి కూలిని కొలవవు. ఆర్క్ ఫర్నేసుకు కావలసిన పాత ఇనుమును చెత్తకుప్పల్లో ఏరే స్త్రీలను అసలు లెక్కించవు.

హామీ వేరు, షరతు వేరు. ఈ తేడా విశాఖ ఉక్కు కోసం భూములు వదులుకున్న కుటుంబాలకు బాగా తెలుసు. ఆర్-కార్డులు చేతబట్టుకొని వారిలో ఎందరో ఉద్యోగాల కోసం దశాబ్దాలుగా తిరిగారు.

కాబట్టి సబ్సిడీ ఒప్పందంలోనే మూడు షరతులు రాయాలని మనం కోరాలి. కాంట్రాక్టు కార్మికులతో సహా పని పోయే ప్రతి ఒక్కరి జాబితా, స్త్రీలను విడిగా చూపిస్తూ, ముందే ప్రకటించాలి. కొత్త పనుల శిక్షణలో స్త్రీలకు వాటా ఉండాలి. ఈ రెండూ అమలైతేనే తర్వాతి వాయిదా డబ్బు విడుదల కావాలి.

గాలి శుభ్రపడాలి. అందుకు మూల్యం మన పొయ్యి ఆరిపోవటం కాకూడదు.