చేతిలో సెల్‌ఫోను, అందులో అంగడి



పోయిన వేసవిలో, సరిగ్గా ఆవకాయ రోజుల్లో, మా మిక్సీ ఆగిపోయింది. ఆవాలు సగం నలిగి జారులోనే వుండిపోయాయి. ఎదురుగా తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు. చేతిలో సెల్‌ఫోను వుంది గదా అని, మిక్సీ కంపెనీ పేరు కొట్టి కస్టమర్ కేర్ నంబరు వెతికాను. అన్నిటికంటె పైన ఒక నంబరు కనిపించింది. పైన వుందంటే అసలుదే అయివుంటుందనుకుని ఫోను చేశాను.

అవతల మాట్లాడిన అబ్బాయి ఎంతో మర్యాదస్తుడు. మాటకు ముందు మేడమ్, మాటకు వెనక మేడమ్. మనిషిని పంపాలంటే పది రూపాయలు కట్టి పేరు నమోదు చేసుకోవాలన్నాడు. కట్టడం రాకపోతే తాను చూపిస్తాననీ, ఫలానా యాప్ దించుకోమనీ చెప్పాడు. దించుకున్నాను. అది నా ఫోను తెరను ఉన్నదున్నట్టు అతనికి చూపించే యాప్ అని నాకేం తెలుసు? నేను కొట్టిన కార్డు నంబరూ, నాకొచ్చిన ఓ.టి.పి.యీ నాతో పాటే అతనూ చూశాడు. పావుగంటలో 6,400 రూపాయలు పోయాయి. అది మా అమ్మాయి పరీక్ష ఫీజుకని నెలనెలా ఇంటి ఖర్చులో మిగిల్చి బ్యాంకులో వేసిన డబ్బు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం సయించలేదు. మూడోనాడు అమ్మాయే నా మొహం చూసి గుచ్చి గుచ్చి అడిగింది. చెప్పేశాను. అది నా ఫోను తీసుకుని, మళ్ళీ అదే మాట వెతికి, "అమ్మా, ఈ నంబరు నెత్తిన చిన్న అక్షరాలతో ఏముందో చదివావా?" అంది. "స్పాన్సర్డ్" అని వుంది. పదో తరగతి ప్యాసయినదాన్ని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. కాని ఆ మాటకు "ఈ చోటు డబ్బిచ్చి కొనుక్కున్నది" అని అర్థమని నాకెవరూ చెప్పలేదు, నేనెవరినీ అడగలేదు. అంటే 6,400 రూపాయలిచ్చి ఒక్క మాట నేర్చుకున్నానన్నమాట! మీకు ఆ ఖర్చు లేకుండా, ఆ మాటతో పాటు మరికొన్ని మాటలు కూడా చెబుదామని ఈ పూట మీ ముందుకు వచ్చాను.

ముందు ఫోను సంగతి చూద్దాం. కొట్టువాడు "ర్యామ్ ఇంత, స్టోరేజీ ఇంత" అని గడగడా చెబుతుంటే తల వూపి వచ్చేస్తాం. మన వంటింట్లో పొయ్యి పక్కన గట్టు వుంటుంది చూడండి, ర్యామ్ అంటే అది. ఒకేసారి ఎన్ని గిన్నెలు పరుచుకుని పని చేసుకోగలమో ఆ గట్టు వెడల్పును బట్టి వుంటుంది. స్టోరేజీ అంటే అటక. ఫోటోలు, పాటలు, పెళ్ళి వీడియోలు అన్నీ అక్కడికే చేరతాయి. ఈ రెండిటినీ జి.బి.లలో కొలుస్తారు. గట్టు ఇరుకైతే ఫోను నత్తనడక నడుస్తుంది. అటక నిండితే "చోటు లేదు" అంటుంది.

ఇక ఆండ్రాయిడ్, ఐ.ఓ.ఎస్. అని వింటుంటాం. ఇవి ఫోను కంపెనీల పేర్లు కావు, ఫోనును నడిపించే ఏర్పాట్లు. ఐఫోనులో వుండేది ఐ.ఓ.ఎస్. మనలో ఎక్కువమంది చేతుల్లో వుండేది ఆండ్రాయిడ్. యాప్ అంటే ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు. కొబ్బరి తురమడానికి కోరాము, జంతికలకు గొట్టం వున్నట్టు, బస్సు టిక్కెట్టుకు ఒక యాప్, గ్యాసు బుక్ చేయడానికి ఒక యాప్.

సిమ్ మీ నంబరుకు గుర్తు. ఐ.ఎమ్.ఇ.ఐ. మీ ఫోనుకు గుర్తు. సిమ్ మార్చినా ఇది మారదు. *#06# కొడితే 15 అంకెల సంఖ్య తెర మీద కనిపిస్తుంది. రెండు సిమ్ములు పట్టే ఫోనుకు రెండు సంఖ్యలుంటాయి. వాటిని ఇవాళే చీటీ మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఫోను పోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఈ సంఖ్య చెప్పి, 2023లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సంచార్ సాథీ ద్వారా ఆ ఫోను ఎవరికీ పనికిరాకుండా ఆపించవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న నడిచింది. కలకత్తాలో ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్ రామ్ మాట్లాడుకున్నారు. ఆ రోజుల్లో మనం చేసిన కాలుకే కాదు, మనకు వచ్చిన కాలుకూ డబ్బు కట్టవలసి వచ్చేది. ఇప్పుడు చూస్తే వంటలు ఉచితం, పాటలు ఉచితం, ఆటలు ఉచితం. మరి ఇదంతా ఎవరి సొమ్ము? ప్రకటనలిచ్చేవాళ్ళది. వాళ్ళకు అమ్ముడుపోయేది మన చూపు, మన సమయం.

ప్రకటనలు మనకు కొత్త కాదు. వివిధ భారతిలో 1967లోనే వ్యాపార ప్రకటనలు మొదలైనాయి. సబ్బుల పాటలు, టూత్‌పేస్టుల పాటలు వింటూనే పెరిగాం. అయితే ఒక తేడా వుంది. రేడియోలో వచ్చే ప్రకటన మీకూ నాకూ ఒకటే. పత్రికలో అచ్చయ్యేదీ అంతే. సెల్‌ఫోనులో అలా కాదు. మా విజయవాడ బీసెంటు రోడ్డులో నడుస్తుంటే అటూ ఇటూ పిలుస్తూనే వుంటారు. కాని మీరెవరో, నిన్న ఏ కొట్లో ఏ చీర తిరగేశారో వాళ్ళకు తెలియదు. ఫోనులోని అంగడికి తెలుస్తుంది. అందుకే నిన్న ప్రెషర్ కుక్కరు చూస్తే ఇవాళ వార్తల్లో కుక్కరు, వంటల వీడియోలో కుక్కరు! దీన్ని టార్గెటింగ్ అంటారు. గురి చూసి వేయడం అన్నమాట.

ఆ గురికి సాయం చేసేవి మనమే ఇస్తాం. యాప్ దించుకోగానే "అనుమతి ఇస్తారా?" అని అడుగుతుంది. మనం చదవకుండా "అలౌ" నొక్కేస్తాం. లొకేషన్ అంటే మీరెక్కడున్నారో చెప్పడం. కాంటాక్ట్స్ అంటే మీ బంధువుల, స్నేహితుల నంబర్లన్నీ చూపించడం. దారి చూపించే యాప్‌కు లొకేషన్ కావాలి, న్యాయమే. టార్చిలైటు యాప్‌కు మీ ఆడపడుచు నంబరు ఎందుకండీ? మన ఇంటికి వచ్చిన పాలవాడికి బీరువా తాళాలు ఇస్తామా?

ప్రకటనల రూపాలు చూడండి. తెర అడుగున గాని పైన గాని బద్దలాగా వుండేది బ్యానర్. తెర మొత్తం కమ్ముకునేది ఇంటర్‌స్టిషియల్. ఈ పేరు నోరు తిరగకపోతే "నిండుతెర ప్రకటన" అనుకోండి. దానికి మూలన చిన్న ఇంటూ గుర్తు వుంటుంది, ఒక్కొక్కసారి కొన్ని సెకన్లు ఆగితే గాని రాదు. తొందరపడి మధ్యలో నొక్కారా, వాళ్ళ కొట్లోకి వెళ్ళిపోయినట్టే. పిల్లల ఆటల్లో "ఈ వీడియో చూస్తే నాణేలిస్తాం" అని వచ్చేది రివార్డెడ్ యాడ్. నాణేలు ఆటలోవి, ఖర్చయ్యే డేటా మనది. ఇక అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసింది వార్తలాగానో, వెతికిన దానికి జవాబులాగానో కనిపించే ప్రకటన. దాని దగ్గర "యాడ్" అనో, "స్పాన్సర్డ్" అనో చిన్నగా వుంటుంది. ప్రకటన అని తెలియకుండా వేషం మార్చి చూపించడాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నిషేధించిన 13 రకాల మోసపు పద్ధతుల్లో చేర్చింది. స్పాన్సర్డ్ అని వున్నవన్నీ దొంగవేనని నేననడం లేదు. మంచి కంపెనీలూ ఆ చోటు కొంటాయి. డబ్బిచ్చినవాడు పైన కూర్చున్నాడు, పెద్దవాడు కాబట్టి కాదు అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

మనం ఏం చేస్తే ఎవరికి ఎంత ముడుతుందో దానికీ పేర్లున్నాయి. ప్రకటన మన తెర మీద ఒకసారి కనిపిస్తే ఇంప్రెషన్. నొక్కితే క్లిక్. దానివల్ల యాప్ దించుకుంటే ఇన్‌స్టాల్. వెయ్యి ఇంప్రెషన్లకు ఇచ్చే ధర సి.పి.ఎం. రోమన్ అంకెల్లో ఎం అంటే వెయ్యి గదా, అందుకని ఆ పేరు. ఒక క్లిక్కుకు ఇచ్చే ధర సి.పి.సి. ఒక ఇన్‌స్టాల్‌కు ఇచ్చే ధర సి.పి.ఐ. మా అమ్మాయి ఇవి చెబుతుంటే, పక్క గదిలోంచి మావారు "ఇదేమిటే, తల్లీకూతుళ్ళు ఎన్నికల గురించి మాట్లాడుకుంటున్నారు?" అన్నారు! నవ్వులాట అలా వుంచి, మన వేలి కొన మీద ఒకరికి ఆదాయం వుందని దీనివల్ల తెలుస్తుంది. నొక్కు, నొక్కు అని ఫోను అంతగా ఎందుకు బతిమాలుతుందో అర్థమవుతుంది.

మరి మనమేం చేయాలి? ఫోను మానేయనక్కర్లేదు.

ఆండ్రాయిడ్ ఫోను వున్నవాళ్ళు సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్ అన్న చోటుకు వెళ్ళి అడ్వర్టైజింగ్ ఐ.డి.ని తీసేయవచ్చు. అది మన నుదుట వాళ్ళు పెట్టిన బొట్టులాంటిది. తీసేస్తే ప్రకటనలు ఆగవు గాని, మనల్ని గుర్తుపట్టి వెంటబడటం తగ్గుతుంది. ఐఫోనులో 2021 నుంచి, ఇతర యాప్‌లలో మనల్ని వెంబడించాలంటే యాప్ ముందుగా మన అనుమతి అడగాలి. అక్కరలేదని చెప్పవచ్చు.

ప్రకటనల ఫోన్లు, సందేశాలు వద్దనుకుంటే 1909కి చెప్పి నమోదు చేసుకోవచ్చు. సందేశం పంపినవారి పేరు చివర ఇంగ్లీషు అక్షరం చూడటం అలవాటు చేసుకోండి. 2025లో ట్రాయ్ తెచ్చిన నిబంధన ప్రకారం పి వుంటే ప్రకటన, ఎస్ వుంటే సేవకు సంబంధించినది, టి వుంటే లావాదేవీ, జి వుంటే ప్రభుత్వానిది. బ్యాంకు పేరు చెప్పి మామూలు పది అంకెల నంబరు నుంచి సందేశం వస్తే అనుమానించండి.

డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టవలసిన పని లేదు. పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోతున్నదనే అర్థం. తెర చూపించే యాప్ దించుకోమంటే వెంటనే ఫోను పెట్టేయండి. మర్యాదగా మాట్లాడుతున్నాడే, పెట్టేస్తే ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. నా 6,400 రూపాయలూ మొహమాటం దగ్గరే సగం పోయాయి.

అప్పటికీ మోసం జరిగిందా, 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, ఎందుకంటే డబ్బు ఇంకా వాళ్ళ ఖాతాలో వుండగా ఆపించే వీలుంటుంది. నేను మూడోనాడు చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. డబ్బు తిరిగి రాలేదు. అమ్మాయి ఫీజు చీటీ పాడుకుని కట్టాం. మావారు డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. "ఆ పూటే చెప్పివుంటే బాగుండేది గదా" అన్నారు. ఆ మాటే ఇప్పటికీ నన్ను పొడుస్తూ వుంటుంది. మోసగాడికి మన తెలియనితనం పావుగంట పనికొచ్చింది. మన సిగ్గు రెండు రోజులు పనికొచ్చింది.

మిక్సీ సంగతి చెప్పలేదు గదూ? తర్వాత బీరువా సర్దుతుంటే దాని వారంటీ కార్డు కనిపించింది. అసలు కస్టమర్ కేర్ నంబరు దాని వెనకాలే అచ్చయి వుంది, అయిదేళ్ళుగా!

కనుక సోదరీమణులారా, తెలియని మాట కనిపిస్తే వేలు ఆపండి. కొడుకునో, కూతురినో, పక్కింటి పిల్లనో "ఇదేమిటి?" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. వాళ్ళకు అ ఆలు దిద్దించినప్పుడు మనం ఎన్నిసార్లు చెప్పలేదు? ఇప్పుడు వాళ్ళ వంతు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమ్మకు కూడా ఆ సామెత వర్తిస్తుంది సుమండీ!