సైకిలు: అలంకారము, సంరక్షణము

సైకిలునుగూర్చి పెద్దలకు క్రొత్తగా చెప్పవలసినదేమున్నదని మీరు నవ్వవచ్చును. మనలో ననేకులము దానిమీదనే పాఠశాలకును, సంతకును, పెండ్లిచూపులకును పోయినవారము. ఐనను నేడు నేను చెప్పబోవునది మన నల్లని యెత్తైన సైకిలు కాదు. అది నేల నంటుచున్నదా యనునట్లు క్రుంగి, అద్దమువలె మెరయుచు, నడచుటకంటె నిలిచి చూపబడుటకే పుట్టినట్లుండు సైకిలు. దానిని నేను కాలిఫోర్నియా రాష్ట్రమున, లాస్ ఏంజెలెస్ నగరమునకు సమీపముననున్న మా కుమారుని యింట చూచితిని.

మా మనుమడు 13 ఏండ్లవాడు. నేను పోయిన మరునాడే చేయి పట్టుకొని కారుకొట్టములోనికి తీసికొనిపోయి, తాను కూర్చుకొన్న సైకిలును చూపెను. దానికి 20 అంగుళముల చక్రములు. మన సైకిలునకు ముందు 32, వెనుక 40 స్పోకులుండుట మీరెరుగుదురు. వాని సైకిలున ఒక్కొక్క చక్రమునకు 144 స్పోకులు! సీటు అరటికాయవలె పొడుగు. దానిపై ఎర్రని మఖమలు. హ్యాండిలు చెరకుగడవలె పొడుగై, మెలితిప్పిన చువ్వతో చేయబడినది. నేను చూచి, "ఇది సైకిలా, పెండ్లిపల్లకియా? దీనిపై నొక బియ్యపుమూట వేయవచ్చునా?" అంటిని. వాడు మారు పలుకక లోపలికి పోయెను. పొరుగువారి పచ్చికలు కోసి ఏడాది పాటు కూడబెట్టిన డబ్బుతో వాడు దానిని కూర్చెనని మా కోడలు పిదప చెప్పినది. నా మాటకు నాకే సిగ్గు కలిగెను.

ఈ సైకిళ్ల పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పెదను. 1933లో, అమెరికాలో వ్యాపారములు కుంగియున్న దినములలో, షికాగో నగరమందలి ష్విన్ కంపెనీవారు రెండంగుళములకు మించిన వెడల్పుగల లావుపాటి టైర్లతో నొక సైకిలును విడుదల చేసిరి. బాటలోని కుదుపును టైరే మ్రింగెడిది. లావుపాటి టైర్లు, వెడల్పైన సీటు, వెనుకకు తొక్కిన పట్టు బ్రేకు గల యిట్టి సైకిళ్లకే తరువాత క్రూయిజర్లని పేరు వచ్చినది. కాలిఫోర్నియా పిల్లలు చిన్నసైకిళ్లకు పొడుగు హ్యాండిళ్లును, పొడుగు సీట్లును తగిలించుకొనుచుండిరి. ఆ సంగతి తెలిసి ఆ కంపెనీలోని ఆల్ ఫ్రిట్జ్ అను నాయన 1963లో స్టింగ్‌రే అను సైకిలును సిద్ధపరచెను. పిల్లల చేష్టను చూచి పెద్దలు నేర్చుకొన్న సంగతి యిది.

ఇక క్రుంగిన సైకిలు సంగతి. రెండవ ప్రపంచయుద్ధమునకు తరువాత లాస్ ఏంజెలెస్ తూర్పుభాగముననుండు మెక్సికో సంతతివారు పాతకార్లను కొని, క్రిందికి దించి, రంగులు వేసి, విట్టియర్ వీథిలో మెల్లమెల్లగా నడిపెడివారు. తక్కినవారికి వేగము గొప్ప. వీరికి నిదానమే గొప్ప. కారుభాగమేదియు చక్రపు రిమ్ముకంటె క్రిందికి దిగరాదని యా రాష్ట్రమున చట్టము వచ్చినది. 2023లో చేసిన మరియొక చట్టముచే 2024 జనవరి 1 నుండి ఆ నిషేధము తొలగినది. 16 ఏండ్లు నిండనివారికి అచ్చట కారు నడపు లైసెన్సు రాదు. కాబట్టి పిల్లలు తమ తండ్రుల కార్లను చూచి స్టింగ్‌రే వంటి సైకిళ్లనే యట్లు అలంకరింప దొడగిరి.

మా మనుమనికి గురువు పొరుగింటి మెక్సికో సంతతి వృద్ధుడు. ఆయన యింగ్లీషు నాకును, నా యింగ్లీషు ఆయనకును సగమే తెలిసెను. తక్కిన సగమును పానాలు చెప్పెను. వంచిన ఫోర్కు వేసిన ముందుభాగ మెట్లు దిగునో, అట్లు దిగినపుడు మలుపులో పెడలు నేలకు తగులకుండ పొట్టి క్రాంకు నేల వేయుదురో ఆయన చూపెను. రంగు వేయుటకు ముందు వెండిపూత, దానిపై పారదర్శకమైన రంగు, ఆపై వార్నిషు పొరలు వేసిననే లోనుండి వెలుగు వచ్చునట! రిమ్ము బెండు తీయుట మాత్రము ఆయనకు నేను నేర్పనక్కరలేదు, నాకు ఆయన నేర్పనక్కరలేదు. ఇద్దరము చెరియొక ప్రక్క కూర్చుండి, స్పోకులను వ్రేలితో మీటి, బిగువు చూచుకొనుచు రెండు చక్రములను సరిచేసితిమి.

ఆయన నాకొక పాత హబ్బును విప్పి చూపెను. పెడలును వెనుకకు తొక్కినపుడు లోపలి బిళ్లలు విచ్చుకొని హబ్బును పట్టును. ఆ బ్రేకు హబ్బుతోపాటు తిరిగిపోకుండ, దానినుండి యొక యినుపచేయి వచ్చి, పట్టీతోను బోల్టుతోను చట్రమునకు బిగింపబడియుండును. ఆ చేయి వదులైనచో బ్రేకు లేనట్లే.

ఆదివారమునాడు పిల్లలందరును సైకిళ్లతో పార్కునకు పోవలసియుండెను. ఉదయమున మనుమని సైకిలును చూడగా, ఆ యినుపచేయి పట్టీ లేక వ్రేలాడుచుండెను. "ఇదేమిరా?" అంటిని. "పట్టీ బిగించిన రంగు గీసికొనిపోవును తాతయ్యా. నెమ్మదిగానే పోదును గదా!" అనెను.

అపుడు నేనెవ్వరికిని చెప్పని సంగతి వానికి చెప్పితిని. 1971లో నాకొక సైకిలుండెను. హ్యాండిలునకు కుచ్చులు కట్టి, కడ్డీలకు రంగుల పట్టీలు చుట్టి, డైనమో దీపము పెట్టించితిని. బ్రేకురబ్బర్లు అరిగినవని యెరిగియు, రేపు చూతమని జాప్యము చేసితిని. ఒకనాడు మా నాయనగారిని వెనుక కూర్చుండబెట్టుకొని చెరువుకట్ట దిగుచుండగా బ్రేకు పట్టలేదు. ఇద్దరమును పడితిమి. నాకు మోకాలు గీసికొనిపోయినది. ఆయన కుడిచేతి మణికట్టు విరిగెను. అది వంకరగానే అతుకుకొన్నది. ఆయన న న్నొక్కమాటయు అనలేదు.

మనుమడు కొంతసేపు ఊరకుండి, "తరువాత మీ నాయనగారు మరల నీ సైకిలెక్కినారా?" అని యడిగెను.

"ఎక్కలేదు. నేను సైకిలు నడిపించుకొని పోవుచుండగా ప్రక్కన నడచి వచ్చెడివారు" అంటిని.

వాడు లేచి పట్టీని వెదకి తెచ్చెను. రంగు చెడకుండ దానిక్రింద పాత ట్యూబుముక్క పెట్టుమని చెప్పితిని. అది మన యూరి ఉపాయమే. బిగించిన పిమ్మట, పొరుగింటి వృద్ధుడు వచ్చి చూచి, ఆ రబ్బరుముక్కను వ్రేలితో తట్టి నా భుజము చరచెను. ఆనాడు వాడు నన్ను దానిపై కూర్చుండబెట్టి వీథి చివరవరకు తొక్కించెను. నా మోకాళ్లు గడ్డమునకు తగిలినవి గాని, బ్రేకు చక్కగా పట్టినది.

శ్రోతలారా, మీ యిండ్లలోని మనుమలును సైకిళ్లను సింగారింతురు. వారించకుడు, కాని సింగారమునకు ముందు ఈ పరీక్షలు చేయించుడు. సైకిలును త్రోయుచు బ్రేకు పట్టిన చక్రము నిలువవలెను. ముందుచక్రమును మోకాళ్లనడుమ పట్టి త్రిప్పిన హ్యాండిలు కదలరాదు. హ్యాండిలు ఎత్తు పెంచునపుడు కాడమీది గుర్తు బయటపడునంత పైకి లాగరాదు. చక్రము నెత్తి త్రిప్పి, బెండును, ప్రక్కలకు ఊగుటను చూడవలెను. గొలుసును తుడిచి నూనె వేయవలెను. అది సుమారు అరయంగుళము వదులుండిన చాలును. ఎడమపెడలు మరలు తిరుగుడుమరలని మరువరాదు. బలవంతమున క్రాంకే చెడును. మెరుగుపూతపై త్రుప్పు పట్టినచో, అల్యూమినియము కాగితమును ఉండచేసి నీటిలో ముంచి రుద్దిన పోవును. రిమ్మునకు రబ్బరు తగులు చోట మాత్రము నూనె అంటనీయకుడు.

ఈ పనులన్నిటికి అరగంట పట్టును. ఆ యరగంట మీరును వారి ప్రక్కన కూర్చుండుడు. మీయొద్ద చెప్పవలసిన చెరువుకట్ట కథ యేదైన నున్నచో, అదియే చెప్పుటకు తగిన సమయము.