ఆలస్యంగా వచ్చే పాఠకుడి కోసం



1937లో ఆరో ఆంధ్ర మహాసభ ఈ నిజామాబాదులోనే జరిగింది. అధ్యక్షత వహించిన మందుముల నరసింగరావు గారు ఉర్దూలో 'రయ్యత్' నడిపిన సంపాదకులు. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టిందీ ఆ ఏడే. పత్రిక, ఫ్యాక్టరీ రెండూ ఇవాళ నా మాటల్లోకి వస్తాయి గనుక ముందే చెబుతున్నాను. ఖిల్లా జైలు గోడమీద కవి దాశరథి బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి మాత్రం ఈ ఊళ్లో ప్రతి సభాధ్యక్షుడూ చెప్పేదే. ఈ ఒక్కసారికి దాన్ని వదిలేస్తాను.

ఇందూరు నుంచి, అంటే ఈ నిజామాబాదు నుంచే, సంస్కృతీ రాజకీయాల పత్రిక ఒకటి వెబ్‌సైటుగా రాబోతోంది. ఎవరి పార్టీదీ కాదు, ఎవరి డబ్బుతోనూ కాదు అంటున్నారు ఆ మిత్రులు. మొదటి పేజీ నమూనా నాకు చూపించారు. పైన పిడికిలి, పిడికిట్లో కలం. కింద వాటంతటవే జరిగిపోయే ఫొటోలు. ఆ కింద 'తాజా' అని ఒక వరుస. కలం పట్టిన పిడికిలి ఇంకెన్నాళ్లని నాకనిపించింది గానీ, అది వాళ్ల ఇష్టం. నా తకరారంతా 'తాజా'తోనే. పూటపూటకూ వార్తలిచ్చే దినపత్రికకు అది కావాలి. నెలకు అయిదారు వ్యాసాలు వేసేవాళ్లకు మాత్రం రెండో వారానికే తమ పేదరికాన్ని చాటుకోవడమవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, పోయిన నెల వ్యాసం అడుక్కి జారి కనపడకుండా పోతుంది.

చిన్న పత్రికకు అసలు పాఠకుడు అచ్చయిన రోజు చదివేవాడు కాదు. నాలుగేళ్ల తర్వాత ఏదో అవసరంపడి వెతుక్కుంటూ వచ్చేవాడు. బోధన్ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ సంగతే తీసుకోండి. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు కూడా మూతపడ్డాయి. మళ్లీ తెరిపిస్తామన్న మాట ఎన్ని ఎన్నికల్లో విన్నామో మీకు తెలుసు. ఇవన్నీ అచ్చయ్యాయి, కానీ జిల్లా పేజీల్లో ముక్కలు ముక్కలుగా. చెరకు మానేసి వరికి మళ్లిన రైతు బిడ్డ ఇవాళ కాలేజీలో కూర్చుని మా నాన్న ఎందుకు మళ్లాడో రాయాలనుకుంటే, మొదలు నుంచి వరసగా చదువుకోవడానికి తెలుగులో ఒక్క చోటు లేదు.

ఆ చోటు మీ సైటు కావాలి. శక్కర్‌నగర్, నిజాంసాగర్ ఆయకట్టు, కోస్తా రైతులు వచ్చి స్థిరపడిన క్యాంపులు, పసుపు, బీడీ, గల్ఫ్... ఒక్కోదానికి ఒక శాశ్వతమైన పుట పెట్టండి. కొత్త వ్యాసం వచ్చినప్పుడల్లా అక్కడికి చేరాలి. దాని చిరునామా ఎన్నటికీ మారకూడదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో గిట్టుబాటు ధర కోసం పసుపు రైతులే నామినేషన్లు వేసి, నిజామాబాదు బరిలో అభ్యర్థుల్ని 185కి చేర్చారు. పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది. ఈ రెంటికీ నడుమ ఏం జరిగిందో తేదీల వారీ జాబితాలో ఎవరికీ దొరకదు, పసుపు పుటలో దొరకాలి.

ఇక అక్షరాల సంగతి. మన డీటీపీ సెంటర్లలో ఇంకా అను, శ్రీలిపి ఫాంట్లే రాజ్యమేలుతున్నాయి. తెరమీద తెలుగే కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. అలా కూర్చిన పేజీని సైటులో పెడితే వెతికేవాడికి 'చెరకు' అన్న మాట తగలదు. వ్యాసాన్ని ఫొటోగా పెట్టినా అంతే. 1998లో అమెరికా తెలుగువాళ్లు మొదలుపెట్టిన 'ఈమాట' తొలి సంచికల్ని ఇవాళ మన ఫోన్లో చదవగలుగుతున్నామంటే, వాళ్లు తర్వాత ఓపిగ్గా పాత సంచికలన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చుకోబట్టే. మీరు మొదటిరోజు నుంచే యూనికోడ్‌లో ఉండండి. మూడు వేల మాటల వ్యాసమైనా వంద కిలోబైట్లు దాటదు. జరిగిపోయే ఆ ఫొటోల్లో ఒక్కటి దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. షార్జాలో గదికి పదిమంది ఉండే చోట, డ్యూటీ దిగి డేటా లెక్కచూసుకుంటూ ఫోన్ తీసే మనవాడికి ఆ తేడా తెలుస్తుంది. ఇంకొకటి, ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. పై వరుస వత్తులు కింది వరుస గుడుల్ని పొడుస్తాయి. రెండు అంచులూ సమం చేద్దామని చూస్తే, పొడుగు మాటల వల్ల ఫోన్ తెరమీద మాటల నడుమ బొక్కలు పడతాయి. ఎడమ అంచు కలిపి కుడి అంచు వదిలేయండి.

బీడీలు చుట్టే ఆడవాళ్ల గురించి రాయని పత్రిక ఈ జిల్లాలో లేదు. వాళ్లు చదివే పత్రిక ఏది? చాట ఒళ్లో పెట్టుకున్నాక చేతులు ఖాళీ ఉండవు, చెవులు మాత్రం ఖాళీయే. ప్రతి వ్యాసానికీ పైన, శీర్షిక పక్కనే, చదివి వినిపించే గొంతు ఉండాలి. ఇక్కడి యాసలో చదివే మనిషి గొంతు కావాలి, యంత్రం గొంతు వద్దు. దీనికి అయ్యే ఖర్చు ఆ పిడికిలి బొమ్మ గీయించిన ఖర్చుకన్నా ఎక్కువేమీ కాదు.

ఇక సైటు ఎవరి చేతిలో ఉండాలన్న సంగతి. ఒద్దిరాజు సోదరులు 1922లో ఇనుగుర్తి అనే పల్లెలో సొంత ప్రెస్సు పెట్టుకుని 'తెనుగు' పత్రిక తెచ్చారు. అచ్చు యంత్రం వాళ్లదే కాబట్టి పత్రికా వాళ్లదే. ఇవాళ యంత్రం స్థానంలో ఉన్నవి సైటు పేరు, దాని పాస్‌వర్డు. మన చిన్న పత్రికల్లో ఆ రెండూ సాధారణంగా ఒకే ఉత్సాహవంతుడి ఈమెయిల్లో ఉంటాయి. అతనికి దేశం బయట ఉద్యోగం వస్తుంది, కార్డు గడువు తీరుతుంది, ఏడాది చందా కట్టేవాళ్లుండరు. ఒక ఉదయం చూస్తే సైటు ఉండదు. అందుకని పేరు సంపాదక వర్గం పేరిట నమోదు చేయండి. తాళం ఇద్దరి దగ్గర ఉండాలి. అయిదేళ్ల చందా ముందే కట్టండి. ఏడాదికోసారి వ్యాసాలన్నీ మామూలు కాగితంమీద అచ్చుతీసి, కుట్టించి మన బాపూజీ వచనాలయంలో ఇవ్వండి. పాఠకుల ఫోన్ నంబర్లు మాత్రం అడగొద్దు. రాజకీయాలు రాసే పత్రిక దగ్గర చదివేవాళ్ల జాబితా ఉండడం మంచిది కాదు.

ఉర్దూ పుటల మాట మిగిలింది. అవి కుడి నుంచి ఎడమకు నడవాలి, నస్తాలిక్ లిపికి ఎడం ఇంకా ఎక్కువ కావాలి, మెనూలు కూడా పక్కలు మారాలి. నమూనాలో వాటికి చోటే లేదు. ఇందూరు నుంచి వచ్చే పత్రికలో ఉర్దూ లేకపోతే సగం ఊరు లేనట్టే. ఈ సభలో చదివే మొదటి పత్రం దానిమీదనే గనుక, బోధన్ మిత్రుల్ని వేదిక మీదికి పిలుస్తున్నాను.