నీలం రంగు తేలితే పదును పోయినట్టే

ఈ ఆదివారం తంజోంగ్ పగార్‌లో, డక్స్‌టన్ ప్లెయిన్ పార్క్‌లో బెంచీ మీద కూర్చుని మాట్లాడుతున్నా. మధ్యలో పిట్టల గోల వినిపిస్తే ఏమనుకోకండి.

పోయిన వారం జగిత్యాల తమ్ముడొకడు వాయిస్ మెసేజ్ పెట్టిండు. "అన్నా, దసరాకు ఇంటికి పోతున్న. మా తాతది ఒక పాత ఖడ్గం ఉంది, తుప్పు పట్టింది. చిన్న బెల్ట్ శాండర్ కొన్న, తీసుకపోయి ఆయుధపూజ నాటికి పదును పెడ్తా. ఎట్ల పట్టుకోవాలె?"

తమ్మీ, ముందు నేను చేసిన ఘనకార్యం విను. మా నాన్న గీత కార్మికుడు. మూడేళ్ల కింద లీవులో పోయినప్పుడు ఆయన గీత కత్తిని నేనే సాన పడతా అని తీసుకున్నా. ఇక్కడ వర్క్‌షాప్‌లో రోజూ గ్రైండింగ్ చేసేటోణ్ణి కదా, ఆ గర్వం! బెల్ట్ మీద గట్టిగా అదిమిన. రెండు నిమిషాల్లో అంచు తళతళలాడింది. మొన దగ్గర మాత్రం కొంచెం నీలం రంగు తేలింది. బాగానే ఉందనుకున్నా. మర్నాడు నాన్న నాలుగు చెట్లెక్కేసరికి ఆ ముక్క మొద్దుబారింది. ఆయన ఒక్క మాట అనలేదు. కత్తిని గుడ్డలో చుట్టుకుని కొలిమికి పోయిండు. తిట్టినా బాగుండు అనిపించింది.

జరిగింది ఇది. ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరిచాక, పెళుసుతనం పోవడానికి మళ్లీ కొద్దిగా వేడి చేస్తారు. మెరిసే ఉక్కు మీద 220 డిగ్రీల దగ్గర గడ్డి రంగు కనిపిస్తుంది, 250 దాటితే గోధుమ రంగు, 290, 300 దగ్గర నీలం. మన కమ్మరి కంటితో చూసేది కూడా ఈ రంగులనే. సన్నని అంచు బెల్ట్ రాపిడికి క్షణాల్లో అంత వేడెక్కుతుంది. గట్టిగా ఉంచిన అంచులో నీలం తేలిందంటే అక్కడ గట్టిదనం తగ్గినట్టే. రంగును రుద్దేస్తే పోతుంది, మెత్తబడ్డ ఉక్కు మాత్రం తిరిగి గట్టిపడదు. ఆ ముక్క అరగదీసెయ్యాలి, లేదా కొలిమికి పంపాలి.

అందుకని పక్కన బకెట్ నీళ్లు పెట్టుకో. ఒక్కసారి లాగడం, ముంచడం. వేళ్లకు వేడి తగిలిందంటే అప్పటికే ఆలస్యం. బెల్ట్ పోయే దిక్కుకు అంచు ఎదురు ఉండొద్దు, ఎదురుంటే బెల్ట్ తెగుతుంది, కత్తి నీ మీదికే వస్తుంది. అదమొద్దు, కత్తి బరువే చాలు. మొన బెల్ట్ దాటిపోయేదాకా లాగితే గుండ్రమైపోతుంది, అంతకు ముందే ఎత్తు. దెబ్బలు తిన్న అంచుకు 120 నంబర్ బెల్ట్, తర్వాత 240, 400. వంటింటి కత్తికి ఒక్కో పక్క 15 నుంచి 20 డిగ్రీలు, కొట్టే కత్తికి ఇంకొంచెం ఎక్కువ. ఒక పక్క రుద్దాక రెండో పక్క గోటికి సన్నని గరుకు తగలాలి, మేం బర్ అంటాం. అది వచ్చాకే కత్తి తిప్పు.

కళ్లద్దాలు, మాస్క్ లేకుండా స్విచ్ వెయ్యకు. వదులు గ్లౌజులు వద్దు, బెల్ట్ లాక్కుంటుంది. ఆ మిషన్‌తో ఇంతకుముందు చెక్క రుద్ది ఉంటే డస్ట్ బ్యాగ్ తీసెయ్, ఇనుప రవ్వలు పొట్టులో పడితే లోపల్లోపలే రాజుకుంటుంది.

ఇదంతా కొడవలికి, గీత కత్తికి, వంటింటి కత్తికి. తాత ఖడ్గానికి కాదు.

ఎందుకంటే నువ్వు పుట్టింది ఉక్కు నేల మీద. మీకు దగ్గర్లోనే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉంది. అక్కడ మూసల్లో తీసిన ఉక్కు పర్షియా దాకా పోయి కత్తులైంది. హెన్రీ వోయిసీ రాసిన వివరణ 1832లో అచ్చయింది, సరుకు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి సంగతి కూడా అందులో ఉంది. ఇంగ్లిష్‌లో ఊట్జ్ అనేది మన దక్షిణాది ఉక్కు అనే మాటే. అట్లాంటి ఉక్కును ఎక్కువ వేడి మీద సాగగొడితే పగిలిపోతుంది, పాత కమ్మర్లు తక్కువ ఎరుపు మీదే కొట్టేవాళ్లు. మీ తాత కత్తి ఆ ఉక్కు అని నేననను. కానీ తుప్పు కింద నీటి అలల్లాంటి చారలున్నాయో లేదో, శాండర్ పెట్టినంక చూసుకోవడానికి ఏం మిగలదు. మెత్తని గుడ్డ, కొంచెం నూనె చాలు. పూజకు పసుపు, కుంకుమ కావాలి గానీ పదును ఎందుకు?

ఇంకో సంగతి. మన ఆయుధాల చట్టం, 1959 కింద ప్రభుత్వం నోటిఫై చేసిన చోట్ల 9 అంగుళాలు దాటిన కత్తికి లైసెన్స్ కావాలి. ఇంటి, వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు ఉంది, ఖడ్గం అందులోకి రాదు. కాబట్టి ఊరేగింపులో తిప్పకు. ఇక్కడైతే అసలు ఆలోచనే వద్దు. సింగపూర్‌లో సరైన కారణం లేకుండా బయట ఆయుధంతో దొరికితే మూడేళ్ల దాకా జైలు, బెత్తం దెబ్బలు కూడా పడొచ్చు. గోడకు వేలాడదీసే అలంకారం కత్తులు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు కూడా ఇదే చెప్తున్నా. వాటిలో చాలావాటికి పిడి లోపల సన్నని కడ్డీ అతికించి ఉంటుంది, పదును పెట్టి ఊపితే విరిగి ఎగురుతుంది.

నేను కూర్చున్న ఈ చోటుకూ ఒక కత్తి కథ ఉంది. మలయ్‌లో పగార్ అంటే కంచె. కత్తిముక్కు చేపలు తీరం మీద పడి జనాన్ని పొడుస్తుంటే, ఒక పిల్లవాడు అరటి బోదెలతో గోడ కట్టమన్నాడట. చేపల ముక్కులన్నీ అందులో దిగబడిపోయాయి. ఆ కంచె వల్లే ఈ పేరని కొందరు చెప్తారు.

తమ్మీ, శాండర్ మాత్రం తీసుకపో. అక్కడా 230 వోల్టులే, ప్లగ్గుకు అడాప్టర్ పెట్టుకుంటే నడుస్తుంది. ముందు అమ్మ కూరగాయల కత్తితో మొదలుపెట్టు. ఏ రంగు తేలిందో మళ్లీ వాయిస్ పెట్టు.